చవక కటానా: అసలు పరీక్ష పిడి లోపలే

క్లుప్తంగా: తక్కువ ధర కటానా, అంటే వంపు తిరిగిన జపాన్ పొడవాటి కత్తి, మంచిదో కాదో తేల్చడానికి తడి చాప చుట్టను నరికి చూడటం చివరి మెట్టు మాత్రమే. ఉక్కు రకం కంటే దాన్ని కాల్చి చల్లార్చిన తీరు ముఖ్యం, అంతకంటే పిడి లోపలి బిగింపు ముఖ్యం. కోతలో కనబడే లోపాల్లో చాలావరకు చేతివే, కత్తివి కావు. కొనేముందు ఆయుధ చట్టం, కొన్నాక విశాఖ ఉప్పు గాలి తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

విశాఖలో కటానా అంటే ఏమిటో ఇప్పుడు వివరించాల్సిన పని లేదు. జపాన్ యానిమేషన్ కథలు (అనిమే) చూస్తూ పెరిగిన పిల్లలు పిడి అల్లిక చూసే అది ఏ పాత్రదో చెప్పేస్తారు. ఆన్‌లైన్‌లో వెతికితే ‘హ్యాండ్‌మేడ్’, ‘ఫోల్డెడ్ స్టీల్’, ‘బ్యాటిల్ రెడీ’ అన్న మాటలతో రకరకాల ధరల్లో కనిపిస్తాయి. తడిపిన చాప చుట్ట ఒక్క వేటుకు రెండు ముక్కలై జారిపడే వీడియోలు వాటి వెంటే వస్తాయి. మరోవైపు, పుట్టినరోజు కేకును పెద్ద కత్తితో కోసి, ఆ వీడియో పెట్టి పోలీసు కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల వార్తలు తెలుగు పత్రికల్లో తరచూ వస్తూనే ఉన్నాయి. ఇవన్నీ చూసినవారికి సహజంగా వచ్చే సందేహాలు రెండు. తక్కువ ధరకు దొరికేది నిజమైన కత్తా, గోడకు తగిలించే అలంకారమా? నరికి చూస్తే ఆ సంగతి తేలిపోతుందా?

రెండో ప్రశ్నకు జవాబు ‘తేలదు’ అనే. పైగా ముందు తేల్చుకోవాల్సినవి తేల్చుకోకుండా నరికి చూడటమే ఈ వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని.

ముందు చట్టం

1959 నాటి ఆయుధ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు. పదునైన అంచు ఉన్న ప్రాణాంతక ఆయుధాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. ఇంటి పనికో, వ్యవసాయానికో మాత్రమే తయారైన వస్తువులకు మినహాయింపు ఉంది. కొడవలికి, కత్తిపీటకు లేని చిక్కు కటానాకు వచ్చేది ఇక్కడే. 2016 ఆయుధ నియమాల్లో కత్తులు, బాకులు, బల్లేలతో పాటు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడున్న ఆయుధాలను 5వ కేటగిరీలో చేర్చారు. కటానా బ్లేడు మామూలుగా 27, 28 అంగుళాలు ఉంటుంది.

తుపాకీ కాని ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. అది సగం నిజం. చట్టంలోని సెక్షన్ 4 కింద కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లో, అందులో పేర్కొన్న రకం ఆయుధాలను కొనాలన్నా, ఇంట్లో ఉంచుకోవాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా లైసెన్సు ఉండాలి. విదేశాల నుంచి తెప్పించుకోవడం మీద సెక్షన్ 10 ఆంక్ష వేరే ఉంది, కాబట్టి కాగితాలు లేని పార్శిల్ కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు. ఇవి కాక ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు పాత 144 సెక్షన్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 163 కింద నిషేధాజ్ఞలు వస్తుంటాయి. డబ్బు కట్టకముందే పోలీస్ కమిషనరేట్‌లో రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోవడం మంచిది. ‘ఏం కాదు సార్, అందరూ కొంటున్నారు’ అని అమ్మేవాడు ఇచ్చే హామీ స్టేషన్‌లో అక్కరకు రాదు.

జపాన్‌లో ఆంక్షలు ఇంకా గట్టివి. బహిరంగంగా కత్తి ధరించడాన్ని 1876లోనే నిషేధించారు. 1958 నాటి చట్టం ప్రకారం, సంప్రదాయ పద్ధతిలో చేసి, కళాఖండంగా నమోదైన కత్తినే ఉంచుకోవచ్చు. ఫ్యాక్టరీలో చేసిన చవక కటానాకు దాని సొంత దేశంలోనే చోటు లేదన్నమాట. అక్కడ సాధన చేసేవారిలో ఎక్కువమంది జింకు, అల్యూమినియం మిశ్రమంతో చేసిన, పదును పట్టని ‘ఇయాయితో’ వాడతారు. కొట్టే సరదా కాక విద్య మీద ఆసక్తి ఉన్నవారికి కర్రతో చేసిన ‘బొక్కెన్’ మొదటి ఏడాదికి సరిపోతుంది.

ధర తగ్గేది ఎక్కడ?

జపాన్‌లో సంప్రదాయ కత్తికి వాడే ఉక్కు పేరు తమహగానే. ఇనుప ఇసుకను, బొగ్గును ‘తతారా’ అనే మట్టి కొలిమిలో వేసి మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చితే అది వస్తుంది. ఆగిపోయిన ఈ పద్ధతిని 1977లో షిమానే ప్రాంతంలోని ఒకుయిజుమోలో మళ్లీ మొదలుపెట్టారు. లైసెన్సున్న కమ్మరి నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదు. బ్లేడు చేసేది ఒకరు, సాన పట్టేది ఇంకొకరు, ఒర చేసేది మరొకరు. ఇంతమంది చేతులు మారిన కత్తి ధర లక్షల రూపాయల్లో ఉండటంలో వింత లేదు.

చవక కటానాల్లో ఎక్కువ భాగం చైనాలోని జెజియాంగ్ రాష్ట్రం, లాంగ్‌చ్వాన్ పట్టణంలో తయారవుతాయి. కత్తుల తయారీలో ఆ ఊరికి తరాల నాటి పేరుంది, కాబట్టి చైనా సరుకు అనగానే తీసిపారేయడం సరికాదు. అంతర్జాతీయ మార్కెట్లో వంద నుంచి నాలుగు వందల డాలర్ల మధ్య అమ్ముడయ్యే కత్తుల్లో పనికొచ్చేవి నిజంగానే ఉన్నాయి. ఆ ధర ఎలా సాధ్యమైందో తెలిస్తే ఎక్కడ అనుమానించాలో కూడా తెలుస్తుంది.

కిలోకు అటూ ఇటూ తూగే బ్లేడులో ఉక్కు ఖర్చు చిన్నదే. ఖరీదైనది మనిషి సమయం. పవర్ హామర్‌తో సాగదీసి, బెల్ట్ గ్రైండర్ మీద అరగదీస్తే రోజుల పని గంటల్లో అయిపోతుంది. ఇంత వరకు పెద్ద నష్టం లేదు. కానీ పిడి లోపలికి దూరే బ్లేడు చివరి భాగానికి, అంటే తోకకు, సరిగ్గా సరిపడేలా పిడి కర్రను లోపల చెక్కడం, రెండింటినీ కలిపే చీలకు రంధ్రం రెండింటిలో ఒకే గీతలో వచ్చేలా తొలవడం యంత్రం తేల్చేసే పనులు కావు. కొనేవాడికి కనబడని పనులు కూడా ఇవే. అందుకే ఆదా ముందుగా అక్కడే మొదలవుతుంది.

‘వెయ్యి పొరల మడత ఉక్కు’ అన్న ప్రచారాన్ని కూడా ఈ లెక్కలోనే చూడాలి. తమహగానే ముద్దలో కార్బన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది, మలినాలుంటాయి. దాన్ని మడిచి, కొట్టి, మళ్లీ మడిస్తే అంతటా ఒకేలా అవుతుంది. పది మడతలకు పొరలు 1,024. ఆ మడత జపాన్ కమ్మరులకు అవసరం కొద్దీ వచ్చింది, అందం కోసం కాదు. ఈ తేడా ఉక్కు నగరంలో ఉన్న పాఠకులకు సులువుగానే అందుతుంది. కన్వర్టర్‌లో శుద్ధి అయి, కంటిన్యువస్ కాస్టింగ్‌లో పోత పోసుకున్న ఆధునిక ఉక్కు మొదటి నుంచీ ఒకేలా ఉంటుంది. దాన్ని మళ్లీ మడవడం వల్ల బలం పెరగదు, పైన నీటి అలల్లాంటి గీతలు మాత్రం వస్తాయి. పొరలు సరిగా అతుక్కోకపోతే లోపల పగులు మిగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. తక్కువ ధరలో మడత కత్తి కంటే మడత లేనిదే నమ్మదగినది.

ఇంకో గందరగోళం ‘డమాస్కస్’ అన్న పేరుతో వస్తుంది. తెలంగాణలోని కోనసముద్రం వంటి ఊళ్లలో మూసల్లో కరిగించి చేసి, పర్షియా దాకా పంపిన, అసలు డమాస్కస్ కత్తులకు మూలమైన మన ఉక్కు మీద కనబడే అలలు ఆ లోహం మెల్లగా గడ్డకట్టేటప్పుడు లోపల ఏర్పడినవి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కు పొరలను అతికించి యాసిడ్‌లో ముంచినది. రెండూ ఒకటి కావు.

అంకెలు చెప్పేది, చెప్పనిది

అమ్మకం పేజీలో కనిపించే 1045, 1060, 1095 అన్న అంకెల్లో చివరి రెండూ కార్బన్ పాళ్లు. 1045లో సుమారు 0.45 శాతం, 1060లో 0.60, 1095లో 0.95 శాతం. కార్బన్ పెరిగేకొద్దీ అంచు గట్టిపడుతుంది, పదును ఎక్కువసేపు నిలుస్తుంది, అదే పాళ్లలో పెళుసుదనం కూడా పెరుగుతుంది. టీ10 అనేది 1 శాతం దరిదాపుల్లో కార్బన్ ఉన్న టూల్ స్టీల్. 9260లో 2 శాతం వరకు సిలికాన్ ఉంటుంది, అది స్ప్రింగ్ ఉక్కు. వంచితే వంగి మళ్లీ నిటారుగా వస్తుంది.

స్ప్రింగ్ ఉక్కు మనకు దూరపు వస్తువేం కాదు. లారీ కమాన్ కట్టల్లో ఉండేది ఈ కుటుంబపు ఉక్కే. పాత కమాన్ కట్ట ముక్కను కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగదీసి కత్తులు చేయడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. కొత్తగా నేర్చుకునేవారు తప్పులు చేయడం ఖాయం కాబట్టి, ఆ తప్పులను తట్టుకునే 1060 గానీ, 9260 గానీ వారికి నయం. 1095 పేరు గొప్పగా వినిపిస్తుంది కానీ వంకర దెబ్బకు అంచు పెచ్చు లేవడం అందులోనే ఎక్కువ.

స్టెయిన్‌లెస్ అని రాసి ఉంటే మాత్రం నరికే ఆలోచన మానుకోవాలి. 420, 440 రకం స్టీలు వంటింటి చాకుకు బాగుంటుంది. రెండడుగులకు మించిన బ్లేడు దెబ్బ తగిలినప్పుడు ఊగుతుంది, వంగుతుంది. అలంకారం కోసం చేసిన స్టెయిన్‌లెస్ బ్లేడుకు దాన్ని తట్టుకునే వేడి చికిత్స చేయరు. పైగా అలాంటివాటిలో చాలావరకు పిడి లోపల ఉండేది బ్లేడు తోక కాదు, వెల్డింగ్ చేసిన సన్నని బోల్టు కడ్డీ. ఊపుతున్నప్పుడు అతుకు దగ్గర విరిగితే బ్లేడు గాల్లో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

అంచు గట్టి, వెన్ను మెత్తన

ఒకే ఉక్కు ముక్కలో ఒక పక్క గట్టిదనం, ఇంకో పక్క మెత్తదనం తేవడం కటానా తయారీలోని అసలు నేర్పు. బ్లేడుకు వెన్ను వైపు మందంగా, అంచు వైపు పలచగా మట్టి పూస్తారు. 750 నుంచి 800 డిగ్రీల దాకా కాల్చి నీళ్లలో ముంచుతారు. పలచని పూత ఉన్న అంచు క్షణాల్లో చల్లారి మార్టెన్‌సైట్ అనే అతి గట్టి రూపానికి మారుతుంది. మందపాటి పూత కింద వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. మార్టెన్‌సైట్ ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అంచు వైపు సాగుతుంది, బ్లేడు వెన్ను వైపుకు వంగుతుంది. కటానా వంపులో కొంత ఈ నీళ్లలోనే పుడుతుంది. ఆ క్షణంలోనే అంచు పగిలి, అన్నాళ్ల పని వృథా కావడం కూడా మామూలే.

రెండు ప్రాంతాల మధ్య ఏర్పడే తెల్లని మబ్బు గీతే ‘హామోన్’. చవక కత్తుల మీద గందరగోళమంతా దీని చుట్టూనే ఉంటుంది. బ్లేడు మొత్తాన్ని ఒకే గట్టిదనానికి తెచ్చి, పైన యాసిడ్‌తోనో, వైర్ బ్రష్‌తోనో గీత గీసేవి చాలా ఉన్నాయి. కిటికీ పక్కన నిలబడి, వెలుగు అంచు మీద జారేలా బ్లేడును మెల్లగా తిప్పితే తేడా కనబడుతుంది. నిజమైన హామోన్‌కు లోతు ఉంటుంది, లోపల సన్నని మెరుపు రేణువులు కనిపించి మాయమవుతాయి. గీసినది ఏ కోణంలో చూసినా సున్నం పూసినట్టు ఒకేలా తెల్లగా ఉంటుంది.

గీసిన హామోన్ ఉన్నంత మాత్రాన కత్తి చెడ్డది కాదు. అంతటా ఒకే గట్టిదనం ఉన్న స్ప్రింగ్ ఉక్కు బ్లేడు వంకర దెబ్బకు వంగి తిరిగి వస్తుంది. మట్టి పూతతో చేసిన దాని మెత్తని వెన్ను వంగితే వంగినట్టే ఉండిపోతుంది. నేర్చుకునే చేతికి మొదటిదే మేలు. మోసం ఉన్నది మాటలో, మట్టి పూత అని చెప్పి గీతను అమ్మడంలో.

పిడి విప్పి చూస్తే

కటానా పిడిని విప్పి, మళ్లీ బిగించేలా చేస్తారు. కాబట్టి ఈ పరిశీలనకు పరికరాలేవీ పెద్దగా అక్కర్లేదు, చిన్న సుత్తి, చీలను తోసే పుల్ల చాలు. విప్పకముందు వడ్రంగి రీపరు వంకర చూసినట్టు ఒక కన్ను మూసి వెన్ను వెంట చూస్తే బ్లేడు నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. పిడి పట్టుకుని మెల్లగా ఊపినప్పుడు టక్‌మన్న చప్పుడు వస్తే చేతి అడ్డుగా ఉండే ‘సుబా’ అయినా వదులు, పిడి అయినా వదులు.

పిడిని, బ్లేడును కలిపి ఉంచేది ‘మెకుగి’ అనే వెదురు చీల. చిటికెన వేలు కంటే సన్నగా, ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా ఉంటుంది. కొన్ని కత్తుల్లో ఒకటి, కొన్నిట్లో రెండు. కిలో బరువున్న ఉక్కు చేతిలో నుంచి ఎగిరిపోకుండా ఆపేది ఇదే. ఇనుప మేకు కాకుండా వెదురే ఎందుకంటే, వెదురులో నిలువు పోగులుంటాయి. అవి దెబ్బను పీల్చుకుంటాయి, ఒక్కసారిగా పుటుక్కున తెగవు, నలిగి ముందే హెచ్చరిస్తాయి. పైగా ఇనుము కర్ర రంధ్రాన్ని తినేస్తుంది, వెదురు తినదు. చవక కత్తిలో ఉండే చీల ఒక్కోసారి మెత్తటి మామూలు చెక్క ముక్కే. దాన్ని తీసేసి, ముదురు వెదురుతో కొత్తది చెక్కించుకోవడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. చేసుకోగలిగిన మార్పుల్లో దీనంత విలువైనది ఇంకోటి లేదు.

సన్నటి కొస వైపు నుంచి చీలను తట్టి తీశాక, బ్లేడును పైకి నిలబెట్టి, ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, ఆ పిడికిలి మీద కుడి పిడికిలితో మెల్లగా కొడితే తోక కదిలి పైకి లేస్తుంది. బయటికి వచ్చిన తోక పిడి పొడవులో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. బ్లేడు, తోక ఒకే ఉక్కు ముక్క అయి ఉండాలి, అతుకు కనబడితే ఆ కత్తిని ఇక ఊపకూడదు. బ్లేడు తోకగా మారే భుజం దగ్గర సన్నని పగుళ్లున్నాయేమో చూడాలి. తర్వాత టార్చిలైటు వేసి పిడి లోపలికి చూడాలి. మంచి పిడిలో తోక ఆకారంలోనే గాడి ఉంటుంది. చవకదానిలో పెద్ద గుంట చెక్కి, వదులును చెక్క పేళ్లతోనో, కాగితంతోనో, జిగురుతోనో నింపి ఉండొచ్చు. ఒక్కో వేటుకు ఆ పేళ్లు నలుగుతాయి, వదులు పెరుగుతుంది, భారమంతా చీల రంధ్రం మీద పడుతుంది, చివరికి కర్ర నిలువునా చీలుతుంది. పైన అల్లిన తాడు ఆ చీలికను కప్పేస్తుంది.

జపాన్‌లో పిడి కర్ర, ఒర రెండు సగాలుగా చెక్కి, అన్నంతో చేసిన జిగురుతో అతికిస్తారు. గాలిపటానికి మనం మెతుకులు వాడినట్టే. ఒరను మళ్లీ విడదీసి శుభ్రం చేసుకునే వీలు ఉండాలని అలా చేస్తారు.

జపాన్‌లో షోగన్‌లు ఏలిన ఎడో యుగంలో (17–19 శతాబ్దాలు) కత్తులను మరణశిక్ష అమలైనవారి శవాల మీద పరీక్షించేవారు. యమదా అసాయెమోన్ అన్న పేరు వంశపారంపర్యంగా ఆ పనికే అంకితమైంది. ఫలితాన్ని బ్లేడు మీద కాకుండా పిడి లోపలికి పోయే తోక మీద, కొన్నిసార్లు బంగారు అక్షరాలతో పొదిగేవారు. కత్తి చేసినవాడి సంతకం ఉండేదీ అక్కడే.

దేన్ని నరకాలి

ఈ పరీక్షా కోతను జపనీయులు ‘తమెషిగిరి’ అంటారు. 1925లో తోయామా సైనిక పాఠశాలలో రూపుదిద్దుకున్న పద్ధతి నేటి సాధనకు ముఖ్యమైన మూలాల్లో ఒకటి. వాడేది జపాన్ ఇళ్లలో నేల మీద పరిచే, ఇగుసా గడ్డితో నేసిన తతామీ చాప పైపొర. దాన్ని గట్టిగా చుట్టి, కట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీరు ఓడ్చి, నిలువు మేకున్న స్టాండుకు గుచ్చుతారు.

విశాఖలో ఇగుసా దొరకదు. దగ్గరి వస్తువు తుంగ చాప. రెండు కాడలూ ఒకటి కావు కాబట్టి ఇక్కడి కోతను జపాన్ వీడియోతో పోల్చకూడదు, కానీ నేర్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. ప్లాస్టిక్ చాప అస్సలు వద్దు. పాత చాప వాడేటట్లయితే ముందు నీళ్లు కొట్టి కడగాలి. సముద్రపు ఊళ్లో చాపలో ఇసుక లేకుండా ఉండదు. ఇసుక రేణువు గట్టిపరిచిన ఉక్కు కంటే కూడా గట్టిది, ఒక్కటి తగిలినా అంచులో నొక్కు పడుతుంది.

మొదటి రోజుకు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసా చాలు. అంచు సరైన కోణంలో వెళితే పై ముక్క ఎగిరినా కింది సగం నీళ్లతో అక్కడే నిలబడుతుంది. నానబెట్టిన న్యూస్‌పేపర్ చుట్ట అందరికీ అందుబాటులో ఉన్నా, కాగితంలో కలిపే సుద్దలాంటి ఖనిజాలు పదునును తొందరగా అరగదీస్తాయి. అరటి బోదె సులువుగా తెగుతుంది. తెగినట్టు ఆనందం తప్ప చేతి గురించి పెద్దగా చెప్పదు, పైగా దాని కర ఉక్కు మీద నల్లటి మరకగా మిగిలిపోతుంది. పచ్చి వెదురు మొదటి ఏడాది ముట్టకూడదు.

కొబ్బరి బొండాన్ని ఎప్పుడూ ముట్టకూడదు. బీచ్ రోడ్డులో బొండాల బండి దగ్గర నిమిషం సేపు నిలబడితే కారణం కళ్లకు కడుతుంది. ఆ కత్తి పొట్టిది, వెన్ను మందం, అంచు కోణం మొద్దు. అమ్మే మనిషి ఎడమ చేత్తో బొండాన్ని తిప్పుతూ, వేటు వేటుకు చిన్న చెక్క లేపుతాడు. పీచు పట్టుకుంటే మణికట్టుతో మెలి తిప్పి లాగేస్తాడు. ఆ మెలికను అంత మందం ఉన్న బ్లేడు ఓర్చుకుంటుంది. కటానా అంచు పలచన, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలులో సుమారు 60. పీచులో చిక్కి మెలిపడితే పెచ్చు లేస్తుంది, లేదా బ్లేడు వంగుతుంది. తప్పు కత్తిది కాదు, దాన్ని చేసింది వేరే పనికి.

కోతను చదవడం

టమాటాను కత్తిపీట అంచు మీద పెట్టి నేరుగా నొక్కితే తొక్క లోపలికి పోయి రసం చిందుతుంది. అంచు వెంట జరుపుతూ నొక్కితే బలం లేకుండానే తెగుతుంది. కటానా వంపు ఈ జరుపుడును దానంతటదే తెస్తుంది. కాబట్టి కోతకు కావాల్సింది కండ బలం కాదు. బ్లేడు ప్రయాణించే దారి, అంచు చూసే దిక్కు ఒకటిగా ఉండాలి. దీని పేరు ‘హాసుజి’. కొన్ని డిగ్రీల తేడా వచ్చినా అంచు చాపలో చీల్చుకుపోవడం మానేసి పక్కకు తోస్తుంది, ఆ పక్క బలమే బ్లేడును వంచుతుంది.

తెగిన ముఖం ఈ సంగతి దాచకుండా చెబుతుంది. చదునుగా, రంపం కోసినట్టు కాక చాకుతో కోసినట్టు ఉంటే కోణం కుదిరింది. గరిటెతో తీసినట్టు మధ్యలో గుంట ఉంటే దెబ్బ మధ్యలో మణికట్టు తిరిగింది. కింది వైపు పోగులు వేలాడితే చివర్లో వేగం తగ్గింది, లేదా మొన మరీ దగ్గరగా తగిలింది. తగలాల్సిన చోటు మొన నుంచి ఒక జానెడు లోపు. చాప తెగకుండా స్టాండు మీది నుంచి ఎగిరిపోతే వేగం చాలలేదు, లేదా పదును లేదు. ఏటవాలుగా నరకడం సులువు, అడ్డంగా నరకడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే చాపను అవతలి నుంచి పట్టుకుని ఉండేది ఏదీ లేదు.

ఒక్క కోతతో కత్తి మీద తీర్పు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. చేయి, పదును, చాప నానిన తీరు, కత్తి అన్నీ ఒకే ముఖం మీద కలిసి కనబడతాయి. విడదీయాలంటే అదే కత్తిని అనుభవమున్న చేతికివ్వాలి, లేదా అదే చేత్తో వేరే కత్తి వాడాలి. కర్రసాము, కరాటే వచ్చినా ఇది వేరే విద్య, నేర్పేవారి ఎదుటే మొదలుపెట్టాలి.

కుడి భుజం మీది నుంచి ఎడమ కిందికి నరికేటప్పుడు కుడి కాలు ముందు, ఎడమ కాలు వెనక ఉండాలి. కాళ్లు తారుమారైతే వేటు ముగిసేచోట ఎడమ మోకాలు ఉంటుంది. నాలుగు వైపులా మనిషి గానీ, గోడ గానీ అందనంత ఖాళీ కావాలి. ముఖ్యంగా ముందు వైపు, చీల తెగితే బ్లేడు ఎగిరేది అటే. అపార్ట్‌మెంట్ టెర్రస్ గానీ, బీచ్ గానీ ఇందుకు చోటు కాదు. చుట్టూ ప్రహరీ ఉన్న విశాలమైన సొంత స్థలం, అనుమతి, చూడటానికి వచ్చినవారు వెనక, ఒక సమయంలో ఒకే కత్తి బయట.

ఐదారు వేట్లకోసారి ఆపి చూడాలి. చీల కదిలిందా, పిడిలో చప్పుడు వస్తోందా, వెన్ను వెంట చూస్తే వంకర వచ్చిందా, దూది అంచు పొడవునా జరిపితే ఎక్కడైనా చిక్కుతోందా. చవక కత్తి నిజంగా పరీక్షకు నిలిచేది మొదటి కోతలో కాదు, యాభయ్యో కోత తర్వాత పిడి మొదటి రోజులాగే బిగువుగా ఉండటంలో. అప్పటికి వదులైపోయిన పిడిని జిగురు పోసి సరిచేయడం తాత్కాలికం. కొత్త పిడి చెక్కించాలి, లేదా ఆ కత్తిని ఒరలోనే ఉంచాలి.

ఉప్పు గాలి

బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలకు ఏటా రంగు వేసినా పెచ్చులు లేస్తూనే ఉంటాయి. గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం పైమాటే. సముద్రం మీది నుంచి వచ్చే ఉప్పు రేణువులు ఉక్కు మీద వాలి ఆ తేమను పీల్చుకుని పట్టి ఉంచుతాయి. కార్బన్ స్టీలుకు స్టెయిన్‌లెస్‌లా క్రోమియం కవచం లేదు. వేలిముద్రలోని చెమట చాలు, రెండు రోజుల్లో వేలు ఆకారంలోనే తుప్పు కనబడుతుంది.

తడి చాప నరికాక బ్లేడును అలాగే ఒరలో పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒర కర్ర ఆ నీటిని పీల్చుకుని రోజుల తరబడి బ్లేడుకు అంటిస్తూనే ఉంటుంది. మెత్తటి నూలు గుడ్డతో వెన్ను వైపు నుంచి తుడిచి, స్పిరిట్‌తో జిగురు వదిలించి, ఆరాక పలచగా నూనె రాయాలి. జపాన్‌లో లవంగ వాసన ఉండే ‘చోజి’ నూనె వాడతారు, అందులో ఎక్కువ భాగం మినరల్ ఆయిలే. ఇక్కడ కుట్టు మిషన్ నూనె ఆ పని చేస్తుంది. వంట నూనెలు కొన్నాళ్లకు జిగురు కడతాయి, వాడకూడదు. నూనె ఎక్కువైతే ఒరలోకి దిగి దుమ్మును పట్టుకుంటుంది, కాబట్టి రాసినట్టు కనిపించనంత పలచన చాలు.

బ్లేడు ఎంత మెరుస్తున్నా, బ్లేడు మొదట్లో ఉండే ‘హబాకి’ పట్టీ కింద, పిడి లోపల తడి చేరితే బయటికి తెలియదు. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చీల తీసి పిడిని ఊడదీసి చూడాలి. తోక మీద పాత గోధుమరంగు తుప్పు ఉంటే దాన్ని గీకకూడదు, అది తోకను కాపాడుతుంది. కొత్తగా ఎర్రగా, వేలికి పొడిలా అంటుకునేది కనబడితే అప్పుడు పిడి కర్ర తడిసిందని అర్థం. కర్రను నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పాత చీలను పారేసి, కొత్త వెదురు చీల దిగగొట్టాకే ఆ కత్తిని మళ్లీ చేతిలోకి తీసుకోవాలి.